కాస్త జిగురు మిగిలితే మిగలనివ్వండి

పెంపుడు కుందేలు బొచ్చుకు ఏదో జిగటగా అంటుకుంటుంది. అది పిల్లలు నేల మీద వదిలేసిన సెల్లోటేప్ ముక్క కావచ్చు, పొయ్యి దగ్గర ఒలికిన బెల్లం పాకం కావచ్చు, ఎలుకల కోసం బీరువా కింద పెట్టి మరిచిపోయిన గ్లూ ప్యాడ్ కావచ్చు. ఆ తర్వాత జరిగే తతంగం దాదాపు అన్ని ఇళ్లలోనూ ఒకటే. ఒకరు బకెట్లో నీళ్లు పడతారు, ఒకరు షాంపూ తెస్తారు, ఇంకొకరు కత్తెర కోసం వెతుకుతారు, పెద్దవాళ్లలో ఎవరికో కిరోసిన్ గుర్తొస్తుంది. నలుగురూ చేరి రెండు కిలోల ప్రాణిని గట్టిగా పట్టుకుంటారు. ఎవరి ఉద్దేశాన్నీ తప్పుపట్టడానికి లేదు. కానీ ఆ నాలుగు సాధనాల్లో ఒక్కటీ కుందేలుకు పనికిరాదు. అంటుకున్న జిగురు సాధారణంగా చేసే హాని కంటే, దాన్ని వదిలించే హడావుడిలో జరిగే హాని పెద్దది. కాబట్టి బొచ్చు మళ్లీ మల్లెపువ్వులా కావాలన్న పట్టుదల ముందు మానుకోవాలి. విషమైనదీ, చర్మాన్ని లాగేదీ, నడకకు అడ్డొచ్చేదీ తీయాలి. మిగిలింది బొచ్చు రాలేదాకా అక్కడే ఉన్నా కుందేలుకు వచ్చే నష్టం లేదు.

ఈ మాట చాలామందికి బద్ధకంగా వినిపిస్తుంది. కుందేలు ఒళ్లు ఎలా కట్టి ఉంటుందో తెలిస్తే అలా అనిపించదు. పిల్లి ఎముకల బరువు దాని ఒంటి బరువులో 12-13 శాతం ఉంటే, కుందేలు ఎముకలది 7-8 శాతమే. వెనక కాళ్ల కండరాలు మాత్రం మహా బలమైనవి. తేలికపాటి ఎముకలకు అంత కండబలం తోడైతే ఏమవుతుందంటే, గట్టిగా అదిమి పట్టినప్పుడు భయంతో అది ఒక్క తన్ను తంతే నడుము దగ్గర వెన్నెముక విరగొచ్చు. పశువైద్యులకు ఇది కొత్త కేసు కాదు. వెనక కాళ్లు చచ్చుబడిన కుందేళ్లలో చాలావాటిని ఎవరూ కొట్టి ఉండరు, ప్రేమగా పట్టుకుని ఉంటారంతే. ఇక నీళ్ల సంగతి. కుందేలు పైబొచ్చు కింద దట్టమైన మెత్తని ఉన్ని పొర ఉంటుంది. అది ఒకసారి తడిస్తే గంటల తరబడి ఆరదు. 38.5 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండాల్సిన ఒంటి వేడి పడిపోతుంది. త్వరగా ఆరాలని హెయిర్ డ్రయర్ పెడితే పల్చటి చర్మం కమిలిపోతుంది, లేదా ఒళ్లు వేడెక్కిపోతుంది. దానికి మనలా చెమట పట్టదు, కుక్కలా ఒగర్చి చల్లబడటమూ అంతగా చేతకాదు. పైగా అది ముక్కుతోనే ఊపిరి తీసే జీవి. తొట్టిలో పెనుగులాడేటప్పుడు ముక్కులోకి నీళ్లు పోతే నోటితో సర్దుకోలేదు. వీటన్నిటికీ మించింది భయం. ప్రకృతిలో కుందేలు ఎప్పుడూ ఇతర జంతువులకు ఆహారమే. నాలుగు వైపుల నుంచి చేతులు వచ్చి పట్టుకోవడం దానికి సేవలా అనిపించదు, వేటలా అనిపిస్తుంది. ఆ దిగులుకే పేగుల కదలిక మందగించి, అది మేత మానేసి, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

కిరోసిన్, టర్పెంటైన్, పెయింట్ థిన్నర్, గోళ్ల రంగు తుడిచే ద్రావకం వంటివాటి మీద మన ఇళ్లలో ఇంకా నమ్మకం ఉంది. చేతికంటిన తారును, చొక్కాకంటిన రంగును అవి వదిలిస్తాయి కాబట్టి ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. అయితే మనం చేతికి రాసుకున్న కిరోసిన్‌ను నాకం. కుందేలు మాత్రం ఒంటికి ఏది తగిలినా నాలుకతోనే శుభ్రం చేసుకుంటుంది, రోజులో చాలా సమయం ఆ పనిలోనే గడుపుతుంది. పిల్లికీ ఆ అలవాటే ఉంది. కానీ పిల్లి కడుపులో తేడా చేస్తే కక్కేస్తుంది, కుందేలుకు వాంతి చేసుకునే శక్తే లేదు. లోపలికి పోయింది లోపలే ఉంటుంది. కిరోసిన్ ఆవిరి ఊపిరితిత్తుల్లోకి పోయినా, చుక్క గొంతులోంచి దారి తప్పినా న్యుమోనియా వస్తుంది. నిమ్మ, నారింజ తొక్కల నుంచి తీసిన నూనెలతో చేసే జిగురు వదిలించే ద్రవాలు సహజమైనవి కదా అనే వాళ్లకూ ఇదే జవాబు. సహజమైనది కాబట్టి నాలుకకు తగిలినా ఫరవాలేదనే పూచీ ఏమీ లేదు.

చర్మం విషయంలో మరింత గట్టి సాక్ష్యం ఉంది. అది కొంచెం చేదు సాక్ష్యం. అమెరికా ఆహార, ఔషధ సంస్థకు చెందిన జాన్ డ్రేజ్ 1944లో ఒక పరీక్షా విధానాన్ని ప్రకటించాడు. సబ్బులు, సౌందర్య సామగ్రి, రసాయనాలు మంట పుట్టిస్తాయా లేదా అని కుందేళ్ల కళ్లలో, బొచ్చు గొరిగిన చర్మం మీద వేసి చూసే పరీక్ష అది. దశాబ్దాల పాటు లక్షలాది సీసాల మీది భరోసాకు వెనకున్నది ఆ మూగజీవాల బాధే. ఆ పరీక్షను విమర్శించిన శాస్త్రవేత్తలు ఎత్తిచూపిన లోపాల్లో ఒకటి మనకిక్కడ పనికొస్తుంది. మనిషి చర్మం తట్టుకునే పదార్థాలకు కూడా కుందేలు చర్మం ఎర్రబడి పొక్కుతుంది కాబట్టి, ఆ ఫలితాలను మనుషులకు అన్వయించడం సరికాదన్నారు. ఆ విమర్శను తిరగేసి చదివితే, నా చేతికేం కాలేదు కాబట్టి కుందేలుకూ ఏం కాదనే వాదన నిలవదని తేలుతుంది. పసిపిల్లల షాంపూ అయినా, కుక్కల షాంపూ అయినా సరే. కుక్కల సామగ్రితో ఇంకో ముప్పు కూడా ఉంది. పేలు, గోమార్లు పోవడానికి వాడే ఫిప్రోనిల్ మందు కుక్కకు మామూలే, కుందేలుకు మూర్ఛలు తెప్పించి చంపగలదు. కుక్క బొమ్మ ఉన్న సీసాను చూసి జంతువులన్నిటికీ పనికొస్తుందనుకోవడం ప్రమాదం.

మరి చేయాల్సిందేమిటి? దానికి కావలసిన తెలివి మన వంటిళ్లలో ఎప్పటినుంచో ఉంది. పనసకాయ కోసేవాళ్లు ముందుగా కత్తికీ అరచేతులకూ నూనె రాసుకుంటారు. పనస పాలు నీళ్లకు లొంగవు, నూనెకు లొంగుతాయి. చేతికంటిన పాకాన్ని మాత్రం ఎవరూ నూనెతో కడగరు, నీళ్లు చాలు. జిగురు ఏ జాతిదో చూసి విరుగుడు ఎంచుకోవాలన్నదే ఇందులోని సూత్రం, కుందేలుకూ అదే వర్తిస్తుంది. బెల్లం, తేనె, జామ్, ఐస్‌క్రీమ్, ఇంకా ఆరని ఫెవికాల్ లాంటివైతే గోరువెచ్చని నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఆ ఒక్క కుచ్చునే అద్ది, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. టేపు బంక, స్టిక్కర్ బంక, తారు, గ్రీజు, గ్లూ ప్యాడ్ జిగురు వంటివి నూనెకే కరుగుతాయి. వంటకు వాడే కొబ్బరినూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ నాలుగైదు చుక్కలు చాలు. ఆవనూనె మంట పుట్టిస్తుంది, వద్దు. కర్పూరం, మెంథాల్ కలిపిన తలనూనెలు అసలే వద్దు. నూనెను జిగురు ఉన్నచోట వేలితో మెల్లగా పట్టించి, పది నిమిషాలు ఆగాలి. ఈ ఆగడమే అసలు మందు. చాలామంది దీన్ని వదిలేసి దువ్వెన అందుకుంటారు. దువ్వేటప్పుడు వెంట్రుకల మొదలును రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. అప్పుడు లాగుడంతా వేళ్ల మీద పడుతుంది, చర్మం మీద పడదు. కరిగి వచ్చిన జిగురును పొడిగుడ్డతో తుడిచి, మిగిలిన నూనె మీద కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, అది పీల్చుకున్నాక దులిపేయాలి. ముక్కు దగ్గర పిండి ఎగరకూడదు. కార్న్‌ఫ్లోర్ బదులు పసిపిల్లల పౌడరు చల్లే అలవాటు కొందరికి ఉంది. అందులో టాల్క్ ఉంటే ఊపిరితిత్తులకు మంచిది కాదు. టాల్క్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థంగా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో వర్గీకరించింది కూడా.

ఇదంతా ఒక్క కూర్చోవడంలో పూర్తి చేయాలని ఎవరూ శాసించలేదు. కుందేలును నేల మీదే ఉంచి, ముందు కాస్త గడ్డి వేసి, ఐదారు నిమిషాలు చేసి వదిలేయాలి, మిగిలింది రేపు చూసుకోవచ్చు. ఈ రెండు పూటల్లో అది నాకే వంటనూనె చుక్కల సంగతేమిటని అడగొచ్చు. ఆ కాస్త నూనె దానికి విషం కాదు, ఎక్కువైతే విరేచనం మెత్తబడుతుంది. అందుకే నాలుగైదు చుక్కలన్నది, అందుకే చివర పిండి చల్లి పీల్చేయమన్నది.

ఫెవిక్విక్ లాంటి తక్షణ జిగురు విషయం వేరు. దాన్ని కరిగించేది గోళ్ల రంగు తుడిచే ద్రావకంలో ఉండే అసిటోన్. దాన్ని కుందేలు దగ్గరకు తేకూడదని పైన చెప్పుకున్నాం. ఆరని తక్షణ జిగురును దూదితోనో నూలుగుడ్డతోనో తుడవబోతే ఇంకో ప్రమాదం ఉంది. నూలుతో కలిసినప్పుడు ఆ రసాయనం చర్మం కాలేంత వేడి పుట్టిస్తుంది. కాబట్టి ముట్టుకోకుండా ఆరనివ్వాలి. గట్టిపడిన ముద్ద వెంట్రుకల మీదే ఉండి చర్మాన్ని లాగకపోతే వదిలేయడమే మేలు. కుందేలు ఏడాదిలో రెండు మూడుసార్లు బొచ్చు రాలుస్తుంది, ఆ ముద్ద కూడా దానితో పాటే పోతుంది. చర్మానికే అంటుకుంటే అది డాక్టరు పని. కత్తెర ఎందుకు వద్దంటున్నానో ఇక్కడే చెప్పాలి. కుందేలు చర్మం కాగితంలా పల్చన. ముడిపడ్డ బొచ్చును పైకి లాగితే చర్మం కూడా గుడారంలా లేచి వస్తుంది, కత్తెర మొనకు ఏది బొచ్చో ఏది చర్మమో తెలియదు. పాదాల దగ్గరైతే కత్తెర మరీ తప్పు. కుక్కకూ పిల్లికీ ఉన్నట్టు కుందేలు అరికాలికి మెత్తని దిండ్లు ఉండవు, అక్కడున్న దట్టమైన బొచ్చే దానికి చెప్పు. జిగురు అంటిందని ఆ బొచ్చు కత్తిరిస్తే, గచ్చు మీదా వైరు బోనులోనూ తిరిగే కుందేలుకు అరికాలు ఒరుసుకుని పుండు పడుతుంది. ఆ పుండు మానడానికి నెలలు పడుతుంది. అరికాలికి కొంచెం బంక మిగిలి దుమ్ము అంటుకోవడం అంతకంటే ఎన్నో రెట్లు నయం.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం ఫోన్లలోంచి వస్తుంది. కుందేలును సింకులో పడుకోబెట్టి నురగ పెట్టి స్నానం చేయించే వీడియోలు బోలెడున్నాయి, అందులో అది హాయిగా కళ్లు తేలేసి పడుకుని ఉంటుంది కదా అంటారు. వెల్లకిలా తిప్పినప్పుడు కుందేలు కదలకుండా బిగుసుకుపోవడం హాయికి గుర్తు కాదు. శత్రువు నోట చిక్కిన జంతువు చచ్చినట్టు పడి ఉండే ఆత్మరక్షణ ప్రతిచర్య అది. ఆ సమయంలో దాని గుండె, హార్మోన్లు భయాన్నే చెబుతాయి. మరుసటి రోజు అది మేత ముట్టిందో లేదో ఏ వీడియో చూపించదు. రెండో అభ్యంతరం ఇంకాస్త బరువైనది. సముద్రంలో చమురు ఒలికినప్పుడు పక్షులను గిన్నెలు తోమే ద్రవంతోనే కడిగి బతికిస్తారు కదా, అంతకంటే జిగురు పనా ఇది? నిజమే, కడుగుతారు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో 1971లో రెండు చమురు ఓడలు ఢీకొన్న తర్వాత పుట్టిన ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ సంస్థ ఆ విద్యలో ఆరితేరింది. మనకు దగ్గర్లోనే 2023 డిసెంబరులో చెన్నై ఎన్నూరు వాగులో చమురు వ్యాపించినప్పుడు గూడబాతులు నల్లగా తడిసిపోయిన ఫొటోలు చూశాం. కానీ ఆ సంస్థలు పాటించే క్రమం చూడండి. పట్టుకున్న పక్షిని వెంటనే తొట్టిలో వేయరు. ముందు వెచ్చగా ఉంచుతారు, నీరూ ఆహారమూ ఇస్తారు, కడగడాన్ని తట్టుకునేంత బలం వచ్చాకే, శిక్షణ పొందిన చేతులతో కడుగుతారు. తొందరపడి కడిగితే చమురు కంటే ముందు ఆ ఒత్తిడే చంపుతుందని వాళ్లు అనుభవం మీద నేర్చుకున్నారు. పైగా పక్షికి ఈకలు చమురుతో అతుక్కుంటే చలికి రక్షణే పోతుంది కాబట్టి పూర్తిగా కడగక తప్పదు. వీపు మీద రూపాయి బిళ్లంత బంక ఉన్న కుందేలుకు అలాంటి అవసరమే లేదు. ఆ ఉదాహరణ నిజానికి నా వాదనకే బలం.

వదిలేయమంటున్నావు, పురుగు పడితే ఎవరిది బాధ్యత అనేది మూడో ప్రశ్న. ఇది న్యాయమైన ప్రశ్న, దీని దగ్గర నా వాదనకు ఒక హద్దు గీసుకోవాలి. కుందేళ్లకు అంటే జిగటల్లో అన్నిటికంటే తరచుగా కనిపించేది బయటి నుంచి వచ్చింది కాదు, వెనకభాగంలో అంటుకున్న దాని మెత్తటి పెంటికలే. కుందేలు రెండు రకాల పెంటికలు వేస్తుంది. గుండ్రటి గట్టివి బయట పడేస్తుంది, పోషకాలున్న మెత్తనివి నేరుగా తినేస్తుంది. అసహ్యపడనక్కర్లేదు, దాని జీర్ణక్రియే అంత. వాటిని తినలేకపోయినప్పుడే అవి తోక కింద అంటుకుంటాయి. పెల్లెట్లు, పళ్లు, బిస్కెట్లు ఎక్కువై గడ్డి తక్కువైనప్పుడో, ఒళ్లు పెరిగి మూతి అందనప్పుడో, కీళ్లో పళ్లో నొప్పి పెడుతున్నప్పుడో అలా జరుగుతుంది. ఆ తడి వాసనకు ఈగలు గుడ్లు పెడతాయి. మన వేడిలో ఒక్క రోజులోపే పురుగులై చర్మాన్ని తొలిచేస్తాయి. ఇక్కడ ఓపిక పట్టడం నేరం. ఆ భాగం వరకు మాత్రమే గోరువెచ్చని నీటితో మెత్తబరిచి తుడిచి, పూర్తిగా ఆరబెట్టాలి, పురుగు కనిపిస్తే అదే గంటలో ఆసుపత్రికి వెళ్లాలి. అయితే రోజూ కడుగుతూ తిండి మార్చకపోతే మరకే పోతుంది, జబ్బు మిగులుతుంది. ఇలాంటి చోట బొచ్చు మీది జిగటను మురికిగా కాక లక్షణంగా చూడాలి.

ఇంత జాగ్రత్త రెండు కిలోల కుందేలుకు అవసరమా, డాక్టరు దగ్గరకు తీసుకెళ్తే పోలేదా అనే వాళ్లకు మన ఊళ్ల పరిస్థితి గుర్తుచేయాలి. కుందేళ్ల వైద్యం తెలిసిన డాక్టర్లు పెద్ద నగరాల్లో కూడా వెతికితే గానీ దొరకరు. చాలా ఊళ్లలో పశువుల ఆసుపత్రి ఆవులకూ గేదెలకూ మేకలకే సరిపోతుంది. అమాక్సిసిలిన్ లాంటి మామూలు యాంటీబయాటిక్‌ను నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నాశనమై ప్రాణం పోతుందన్నది కూడా కుందేళ్ల గురించి ప్రత్యేకంగా చదివితేనే తెలిసే విషయం. ఇంట్లో మిగిలిన కుక్కమందుతో సొంత వైద్యం చేసేవాళ్లకు అసలు తెలియదు. పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు ఆగినా అది అత్యవసరమేనని కొన్నవాళ్లకు ఎవరూ చెప్పరు. మరి ఎవరు చెప్పాలి? జంతువులను అమ్మే దుకాణాలకు కేంద్రం 2018లో నియమాలు తెచ్చింది. కుక్క, పిల్లితో పాటు కుందేలు కూడా వాటి పరిధిలో ఉంది, రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు తప్పనిసరి. ఆ నమోదును కాగితాల లాంఛనంగా వదిలేయకుండా, అమ్మే ప్రతి కుందేలుతో పాటు తెలుగులో ఒక పేజీ ఇవ్వాలని మన రెండు రాష్ట్రాల మండళ్లూ దుకాణాలను అడగాలి. స్నానం వద్దు, గడ్డి ప్రధానం, ఫలానా మందులు నిషిద్ధం అనే నాలుగు వాక్యాలు చాలు. ఖర్చు పెద్దగా ఉండదు.

గ్లూ ప్యాడ్ల సంగతి చివర్న ఎందుకు పెట్టానంటే, మిగతా జిగుర్లు పొరపాటున ఇంట్లోకి వస్తాయి, ఇది మాత్రం డబ్బిచ్చి తెచ్చుకునేది. ముఖమో ఛాతీయో దానికి అతుక్కున్న కుందేలును నూనెతో విడదీయాలని ఇంట్లో ప్రయత్నించకూడదు. లాగితే చర్మం ఊడి వస్తుంది. అట్ట మీద మిగిలిన జిగురంతా కాగితంతోనో పిండితోనో కప్పేసి, అట్టతో సహా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లడమే మార్గం. ఎలుకలకైనా అది రోజుల తరబడి సాగే చావే. అందుకే ఇంగ్లండ్ 2022లో చట్టం చేసి, 2024 జులై నుంచి లైసెన్సు లేనివాళ్లు వాటిని పెట్టడాన్ని నేరం చేసింది. మన భారత జంతు సంక్షేమ మండలి కూడా వాటికి వ్యతిరేకంగా రాష్ట్రాలకు లేఖలు రాసింది. అయినా అవి దుకాణాల్లో వేలాడుతూనే ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఇంటికే వస్తున్నాయి. ఇంట్లో కుందేలు ఉండి ఎలుకల బెడద కూడా ఉంటే, విషపు గింజలు వద్దు, అవి కుందేలే తినేస్తుంది. కన్నాలు మూయండి, పాత పద్ధతిలో బోను పెట్టండి. గ్లూ ప్యాడ్ ఇప్పటికే బీరువా కింద ఉంటే ఈరోజే తీసి, మడిచి, కాగితంలో చుట్టి పారేయండి.